వాళ్ల కార్తీకం అయిపోయింది, మనది ఎందుకు అవ్వలేదు?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది ఒడిశాలో గుణుపురం. ఆదివారాలు మా ఇంటి వరండాలో పద్నాలుగు మంది పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్లు. బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఈమధ్య వాళ్ల స్నేహితులు, ఒక ఒడియా పిల్లవాడూ ఒక సవర గిరిజన పిల్లా కూడా వచ్చి కూర్చుంటున్నారు. నెలల పేర్లు నేర్పుదామని చార్టు తగిలించి నెల రోజులు వల్లె వేయించాను. చైత్రం, వైశాఖం అని పాటలా చెప్పేస్తారు. మధ్యలో ఆపి ‘కార్తీకం తర్వాత ఏమిటి?’ అంటే మాత్రం నోరు మెదపరు. ఆట రూపంలో చెబుదామంటే ఒక పిల్లవాడి నాన్నగారు ‘ఆడుకోవడానికైతే ఇక్కడి దాకా పంపడం ఎందుకండీ’ అన్నారు. ఇంకో సంగతి. కార్తీక పున్నమి మర్నాడు ఆ ఒడియా పిల్లవాడు ‘మా ఇంట్లో ఇవాళ చేపల కూర, మాకు కార్తీకం అయిపోయింది’ అన్నాడు. మా తెలుగు పిల్ల ఒకతి ‘మరి మనది ఎందుకు అవ్వలేదు టీచర్?’ అని అడిగింది. నాకు చెప్పడం రాలేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, ఆ పిల్ల అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. నెల రోజుల వల్లెవేత తర్వాత మీ క్లాసులో నెల గురించి నిజంగా ఆలోచించిన ప్రశ్న అదొక్కటే. చార్టులో దానికి జవాబు లేదు కానీ మీ ఊరి వంశధార ఒడ్డున ఉంది.

ఒడియా వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది. మన నెల అమావాస్యతో ముగుస్తుంది. తేడా అంతే. వాళ్లకు కార్తీకం కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాడే మొదలవుతుంది. అప్పటికి మనం ఇంకా ఆశ్వయుజంలోనే ఉంటాం, దీపావళి కూడా రాదు. కార్తీక పున్నమితో కలిపి చివరి ఐదు రోజులు వాళ్లు పంచుక అని మరింత నిష్ఠగా ఉంటారు. పున్నమి తెల్లవారుజామున అరటి డొప్పలతో చేసిన పడవల్లో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. దాన్ని బొయిత బందాణ అంటారు. ఆ మర్నాడు ఛాడఖాయి. నెలంతా నీచు ముట్టని ఇళ్లలో ఆ రోజు చేపో మాంసమో వండుకుంటారు. మనకు కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడు మొదలై మళ్లీ అమావాస్య దాకా ఉంటుంది. ఆ మర్నాడు, పోలి పాడ్యమి నాడు, మన ఆడవాళ్లు కూడా అరటి దొప్పల్లోనే దీపాలు పెట్టి నీళ్లలో వదులుతారు. అంటే పదిహేను పదహారు రోజుల ఎడంతో అవే అరటి దొప్పల దీపాలు రెండుసార్లు నీళ్లలో తేలతాయి. ఆ పిల్లకు ఇదే చెప్పండి. ‘వాళ్లు మనకంటే పదిహేను రోజులు ముందు మొదలెట్టారు, అందుకే ముందు అయిపోయింది’ అంటే చాలు, ఏడేళ్ల పిల్లకైనా తెలుస్తుంది. మిగతాది ఆటలో చూపిద్దురుగాని, చివర చెబుతాను.

ఇక వల్లెవేత సంగతి. సరిహద్దు ఊళ్లలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పాను. మొదటి ఏళ్లలో నేనూ మీలాగే వల్లె వేయించాను. ఒకసారి నాలుగో తరగతి పిల్లను ‘మాఘం తర్వాత ఏం వస్తుందమ్మా’ అని అడిగాను. ఆ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టుకుంది. వేళ్లు కదులుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి. చైత్రం దగ్గర మొదలెట్టి, పదకొండు నెలలు నడిచి మాఘం దాకా వచ్చి, అప్పుడు ‘ఫాల్గుణం’ అంది. జవాబు తప్పు కాదు. కానీ ఆ పిల్లకు వచ్చింది నెలలు కాదని, ఒక పాట మాత్రమేనని అప్పుడర్థమైంది. పాటను మధ్యలోంచి ఎత్తుకోమంటే పెద్దవాళ్లమైనా తడబడతాం. కాబట్టి మీ పిల్లలు నోరు మెదపకపోవడంలో వాళ్ల తప్పు లేదు. వాళ్లకు నెలలు ఎప్పుడూ చైత్రం నుంచే కనబడ్డాయి.

అందుకని ఆటలో రెండు సంగతులు చూసుకోండి. నెలలు వరుసగా కాకుండా గుండ్రంగా ఉండాలి. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టే వీలుండాలి.

వాకిట్లో ముగ్గుతో పెద్ద చక్రం వేసి, దాని మీద పన్నెండు చోట్ల అడ్డాకు విస్తళ్లు పెట్టండి. ఒక్కో విస్తరిలో ఆ నెలకు చెందిన వస్తువు ఒకటి. చైత్రానికి వేపపువ్వు, వైశాఖానికి మామిడికాయ, జ్యేష్ఠానికి నేరేడుపండో పనసగింజో, ఆషాఢానికి గోరింటాకు, శ్రావణానికి పసుపుదారం, భాద్రపదానికి గరిక, ఆశ్వయుజానికి బంతిపువ్వు, కార్తీకానికి ఉసిరికాయ, మార్గశిరానికి వరికంకి, పుష్యానికి చెరకుముక్క, మాఘానికి రేగుపండు, ఫాల్గుణానికి మోదుగుపువ్వు. ఆ కాలంలో దొరకనివి పిల్లల చేతే బొమ్మ గీయించండి. ఇదే జాబితా పెట్టాలని లేదు. మార్గశిరానికి ఏం పెడదామని ఆ ఒడియా పిల్లవాణ్ణి అడిగి చూడండి, వాడు కూడా వరికంకే అంటాడు. మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారాలు, వాళ్లిళ్లలో మాణబసా గురుబారాలు. ఇంటి ముందు ముగ్గులు, కొత్త వడ్లు, లక్ష్మీపూజ రెండిళ్లలోనూ కనిపిస్తాయి. సవర పిల్లను కూడా ‘ఈ రోజుల్లో మీ ఊళ్లో ఏం పండుతుంది, మీరేమంటారు’ అని అడిగి ఆ వస్తువు ఒక విస్తరిలో పెట్టించండి. పొరుగునున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు తాను ముందు సవర నేర్చుకుని, ఆ తర్వాత సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పే పని చేశారు. ఆ పిల్లకు తెలుగు చెప్పే చోట తన మాటకూ ఒక విస్తరి ఉంటే బాగుంటుంది.

మొదటి ఆదివారమే పన్నెండూ పెట్టకండి. ఇవాళ ఏ నెల నడుస్తోందో అది, దాని ముందుది, దాని తర్వాతది, మూడే మూడు. చైత్రం కోసం ఉగాది దాకా ఆగక్కర్లేదు, చైత్రం నుంచే మొదలెట్టాలన్న పట్టింపూ వద్దు. వారానికి మూడు చొప్పున కలిపితే నాలుగో ఆదివారానికి చక్రం నిండుతుంది.

ఆట పేరు ‘చుట్టం వచ్చింది’ అనుకోండి. మీకున్న పద్నాలుగు మందిలో పన్నెండు మంది విస్తళ్ల దగ్గర నిలబడతారు. ఒకరు చుట్టం, చక్రం చుట్టూ తిరుగుతుంటారు. మిగిలిన ఒకరు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ స్నేహితులిద్దరూ వచ్చిన రోజున చప్పట్లకు ముగ్గురుంటారు. చప్పట్లు ఆగగానే చుట్టం ఆగాలి. ఎవరి ముందు ఆగితే ఆ నెల పిల్ల పిలుస్తుంది: ‘మాఘంలో రా, రేగుపళ్లు పెడతాను.’ చుట్టం అంటుంది: ‘మాఘంలో వస్తాను, వైశాఖం దాకా ఉంటాను.’ అందరూ కలిసి ‘ఎన్ని నెలలు?’ అని అరుస్తారు. చుట్టం మాఘం నుంచి అడుగులు వేసుకుంటూ ఫాల్గుణం, చైత్రం, వైశాఖం చేరి ‘నాలుగు నెలలు’ అనాలి. పిల్లలు పడిపోయే చోటు అదే, ఫాల్గుణం నుంచి చైత్రానికి దాటే చోటు. చార్టులో ఫాల్గుణం అడుగున, చైత్రం పైన ఉంటాయి, వాటి మధ్య అగాధం. చక్రంలో అవి పక్కపక్కనే నిలబడి చెయ్యి చెయ్యి పట్టుకుంటాయి. రెండు మూడు వారాలయ్యాక చుట్టాన్ని వెనక్కి నడిపించండి. ‘దసరాకి వచ్చాను, మూడు నెలల ముందు ఎక్కడున్నాను?’ ఆశ్వయుజం నుంచి భాద్రపదం, శ్రావణం, ఆషాఢం. ఇది ఎంత కష్టమో ముందు మీరు ఒకసారి చెప్పి చూసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఎవర్నీ ఔట్ చెయ్యకండి. కుర్చీలాటలో ఔటైన పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఆ రోజు అందరికంటే ఎక్కువ మాట్లాడాల్సింది ఆ పిల్లే. తప్పు చెబితే చుట్టం పక్క విస్తరి దగ్గర సాయం అడగొచ్చు, అంతే. గెలుపు ఓటములు లేకపోతే పిల్లలకు సరదా ఉండదంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. చప్పట్లు ఎప్పుడు ఆగుతాయా అన్న ఆత్రం ఒక్కటే వాళ్లకు చాలు.

ఇప్పుడు ఆ నాన్నగారికి చెప్పాల్సిన సంగతి. మన తెలుగు నెలలు పన్నెండూ సున్నాతోనే ముగుస్తాయి. ఒక్కటీ తప్పదు. తెలుగులో సున్నాతో ముగిసే మాటకు ‘కి’ చేరిస్తే మాట రూపు మారుతుంది. చైత్రం, చైత్రానికి. అన్నం, అన్నానికి. పుస్తకం, పుస్తకానికి. బయటి భాషలో చదువుకునే పిల్లలు ‘పుస్తకంకి’, ‘బియ్యంకి’ అనడం మీరు వినే ఉంటారు. ఆ తప్పును ఎర్ర ఇంకుతో దిద్దితే పోదు. ‘కార్తీకానికి వస్తాను, పుష్యానికి వెళ్తాను’ అని వంద సార్లు అరిచి ఆడిన పిల్ల మర్నాడు ఇంట్లో ‘అన్నానికి రమ్మంటున్నారు’ అని తనంతట తనే అంటుంది. సూత్రం పేరు చెప్పకండి. ‘లో’కి, ‘దాకా’కి మాట మారదు, ‘కి’కి మారుతుంది. రెండూ కలిపి ఆడించండి, చెవే పట్టుకుంటుంది. నెల రోజులయ్యాక ఆ నాన్నగారిని ఒక ఆదివారం వచ్చి అరుగు మీద కూర్చోమనండి. వాళ్లబ్బాయి ఎన్ని వాక్యాలు మాట్లాడాడో ఆయన్నే లెక్కపెట్టమనండి.

పేర్లు చదివించడం మూడో వారం నుంచి చాలు. అంతదాకా వస్తువులే. చీటీలు రాసేటప్పుడు మాఘం, వైశాఖం, ఆషాఢం ముందు ఇవ్వండి. పన్నెండింటిలో ఒత్తులు లేనివి ఆ మూడే. జ్యేష్ఠం చిట్టచివర. ఫాల్గుణంలో ‘ల్గు’, కార్తీకంలో ‘ర్తీ’ నేల మీద ముగ్గుతో పెద్దగా రాయించి ఒత్తు మీదుగా నడిపించండి. ‘బైశాఖ’ అనే పిల్లను దిద్దొద్దు. ఒడియాలో అది బైశాఖే, ఆ పిల్ల సరిగ్గానే పలుకుతోంది. ఒడియా పిల్లవాడు ‘బైశాఖ’ అని పిలిస్తే తెలుగు పిల్ల ‘వైశాఖం’ అని పలికేలా జంటల ఆట పెట్టండి. శ్రాబణ, శ్రావణం. భాద్రబ, భాద్రపదం. కొంచెం దూరంగా ఉండేవి ఆశ్విన, ఆశ్వయుజం ఒక జత, పౌష, పుష్యం ఇంకో జత. మిగతావన్నీ దగ్గరి చుట్టాలే. ఒడియా బడిలో చదివే మీ పిల్లలకు సగం పని ముందే అయిపోయిందని అప్పుడు తెలుస్తుంది.

ఇంగ్లీషు నెలల మీద ఎక్కువ సమయం పెట్టకండి, వాళ్లకు వచ్చు. వాళ్లు నేర్చుకోవాల్సింది వాటిని తెలుగు వాక్యంలో కూర్చోబెట్టడం. ‘ఇన్ ఆగస్ట్’ అన్న పిల్లవాడు ‘ఆగస్టులో’ అనాలి. జనవరిలో, జూన్లో, ఆగస్టుకు, జూలైకి. ఒక ఆదివారం మాటల్లేకుండా సైగలతోనే పుట్టినరోజుల వరుసలో నిలబడమనండి, ఆ తర్వాత ఒక్కొక్కరు ‘నేను ఫలానా నెలలో పుట్టాను, నా ముందు ఫలానా వాడు’ అని చెప్పాలి. ఒక పూటలో అయిపోతుంది.

కానీ ఒక తప్పు మాత్రం చెయ్యకండి. బజారులో దొరికే చార్టుల్లో చైత్రం ఎదురుగా ఏప్రిల్, వైశాఖం ఎదురుగా మే అని జత చేసి ఉంటుంది. అది పిల్లల బుర్రలో పడితే తీయడం కష్టం. ఉగాది చూడండి. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. చైత్రం ఒకచోట నిలబడదు. చంద్రుడి లెక్కలో ఏడాదికి సుమారు 354 రోజులు. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ ముందుకు దూకుతుంది. అందుకే ఇంగ్లీషు నెలల చీటీలను బయటి చక్రంలో, విస్తరికి ఎదురుగా పెట్టకుండా రెండు విస్తళ్ల సందులో పెట్టండి. మార్చి, ఏప్రిల్ రెండూ చైత్రాన్ని చెరోవైపు నుంచి తాకుతాయి. కళ్లకు అలా కనబడితే వివరణ అక్కర్లేదు. ఆ అధికమాసం కోసం పదమూడో విస్తరి ఒకటి చాప కింద దాచి ఉంచండి. 2023లో రెండు శ్రావణాలొచ్చాయి. 2015లో రెండు ఆషాఢాలొచ్చాయి, ఆ ఏడే పూరీలో జగన్నాథుడికి నవకళేబరం, అంటే పాత విగ్రహాల స్థానంలో కొత్తవి చేసి నిలిపే ఉత్సవం, జరిగింది, దాని గురించి మీ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘ఈసారి చుట్టం ఒక నెల ఎక్కువ ఉంటుంది’ అని ఆ విస్తరి తీసి మధ్యలో పెడితే పిల్లలు కేకలు వేస్తారు.

ఇక చేపల కూర ఆట. ఇది పదేళ్లు దాటిన వాళ్లకే. పన్నెండు విస్తళ్లనూ మధ్యకు చింపండి. ప్రతి నెలకూ ఒక ముక్కకు ముగ్గుపిండి పూయండి, అది శుక్లపక్షం. రెండో దానికి బొగ్గు పూయండి, అది బహుళపక్షం. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు అని చక్రమంతా పరవండి. ఎర్రదారం మనది, తెల్లముక్కతో మొదలెట్టి దాని తర్వాతి నల్లముక్కతో ముడివేస్తే ఒక నెల. పచ్చదారం ఒడియా వాళ్లది, నల్లముక్కతో మొదలై తర్వాతి తెల్లముక్కతో ముగుస్తుంది. దారాలు పరిచాక పిల్లలనే చూడమనండి. ప్రతి తెల్లముక్క మీదా ఇద్దరి పేరూ ఒకటే. ప్రతి నల్లముక్క మీదా ఒడియా పేరు ఒక నెల ముందుంటుంది.

అప్పుడు పండగల చీటీలు పంచండి. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియ, తెల్లముక్క, ఇద్దరికీ ఆషాఢమే. వినాయక చవితి తెల్లముక్క, ఇద్దరికీ భాద్రపదమే. కృష్ణాష్టమి చీటీ పట్టుకున్న పిల్ల నల్లముక్క దగ్గర ఆగాలి. మనకు శ్రావణం, వాళ్లకు భాద్రబ. దీపావళి మనకు ఆశ్వయుజ అమావాస్య, వాళ్లకు కార్తీక అమావాస్య. శివరాత్రి మనకు మాఘంలో, వాళ్లకు ఫాల్గుణంలో. ఒక పేరున్న పండగకు ఒక చప్పట, రెండు పేర్లున్న పండగకు రెండు చప్పట్లు. పండగ అదే, రోజు అదే, చంద్రుడూ అదే. ఒడియా ఇళ్లలో సంక్రాంతి నుంచి సంక్రాంతికి లెక్కించే సౌరమాసం కూడా ఉంది, పణా సంక్రాంతి, రజో పండగ దాని ప్రకారం వస్తాయి. ఆ సంగతి ఆ రోజు ఎత్తకండి, పిల్లలు కలగాపులగం చేసుకుంటారు. ఇంకో ఆదివారం చూసుకోవచ్చు.

చివరి చీటీ కార్తీక పున్నమి. అది తెల్లముక్క చివర పడుతుంది. పచ్చదారం ముడి సరిగ్గా అక్కడే ఉంటుంది, ఎర్రదారం ఇంకో నల్లముక్క దాటాలి. ఆ ఒడియా పిల్లవాణ్ణి పచ్చముడి మీద నిలబెట్టండి. ప్రశ్న అడిగిన పిల్లను అక్కడి నుంచి బయలుదేరదీసి, నల్లముక్క మీద పదిహేను చిన్న అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎర్రముడి దాకా నడవమనండి. అక్కడ ఒక అరటిదొప్ప, ఒక దీపం సిద్ధంగా ఉంచండి. ఆ పిల్ల నడుస్తున్నంతసేపూ వాణ్ణి కదలకుండా చూడమనండి. దీపం దగ్గరికి చేరాక ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు రాయండి.